పోలో జీటీకి ట్రాక్ డే కోసం బ్రేక్ డక్టులు: గాలి డిస్కు మధ్యలోకి వెళ్లాలి

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: కారు పోలో జీటీ టీఎస్ఐ, బ్రేకులన్నీ కంపెనీవే. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ రేస్ ట్రాక్ మీద నాలుగైదు ల్యాపులు గట్టిగా తిప్పేసరికి పెడల్ మెత్తబడి కిందికి పోతోంది, కాలిన వాసన వస్తోంది. ఫాగ్ ల్యాంపులు తీసేసి ఆ ఖాళీల నుంచి చక్రాల దాకా గాలి గొట్టాలు (బ్రేక్ డక్టులు) వేస్తే సరిపోతుందా, వేస్తే ఎలా వేయాలి?

వేయొచ్చు. ఈ కారులో అది కష్టమైన పనేమీ కాదు. కానీ పెడల్ మెత్తబడటానికి మొదటి మందు గొట్టం కాదు, బ్రేక్ ఫ్లూయిడ్. అందుకే ముందు అక్కడ మొదలుపెడతాను.

బ్రేకులు వేడెక్కి చేతులెత్తేయడం రెండు రకాలు. పెడల్ స్పాంజిలా మెత్తబడి లోపలికి దిగిపోతుంటే క్యాలిపర్ (పిస్టన్‌తో ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే భాగం) లోపల ఫ్లూయిడ్ మరిగినట్టు. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. మీ కాలి బలమంతా ఆ బుడగలను నొక్కడానికే ఖర్చవుతుంది. పెడల్ గట్టిగా, ఎత్తుగానే ఉండి కారు మాత్రం ఆగకపోతే ప్యాడ్లు వాటి వేడి హద్దు దాటినట్టు. మీరు చెప్పినది మొదటి రకం, వాసనను బట్టి రెండోది కూడా మొదలైంది. మామూలు డాట్ 4 ఫ్లూయిడ్‌కి ప్రమాణం ప్రకారం ఉండాల్సిన కనీస మరుగు స్థానం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీలు, తేమ పట్టాక 155 డిగ్రీలు. రెండేళ్లుగా మార్చని ఫ్లూయిడ్ ఆ రెండో అంకె వైపు జారుతూ ఉంటుంది. మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 లాంటిది కొత్తగా 312 డిగ్రీల దాకా మరగదు. అర లీటరు సీసాలు రెండు తెచ్చుకోండి, నాలుగు చక్రాల దగ్గరా పాతదంతా పోయేదాకా బ్లీడ్ చేయండి, అంటే పాతదాన్ని బయటికి వదులుతూ కొత్తది నింపండి. సీసా మూత తీశాక మిగిలింది వచ్చే ఏడాదికి దాచుకోవద్దు. గాలిలో తేమను అది ఊరికే తాగేస్తుంది. ఒకసారి ట్రాక్ మీద మరిగిన ఫ్లూయిడ్ చల్లారాక పెడల్ మళ్లీ బాగున్నట్టే అనిపిస్తుంది. దాన్ని నమ్మి తర్వాతి సెషన్‌కి వెళ్లకండి, పిట్‌లోనే బ్లీడ్ చేయండి.

రెండోది ప్యాడ్లు. ట్రాక్ వాడకానికి తయారైన ప్యాడ్ ఏదో ఒకటి ముందు చక్రాలకు వేయండి, సగానికి మించి అరిగిన ప్యాడ్‌తో మాత్రం వెళ్లవద్దు. ప్యాడ్ మందం అంటే డిస్కుకీ పిస్టన్‌కీ మధ్య ఉన్న గోడ మందం. ఆ గోడ పలచబడితే వేడి నేరుగా పిస్టన్‌లోకి, అక్కడి నుంచి ఫ్లూయిడ్‌లోకి వెళ్తుంది. కొత్త ప్యాడ్‌తో నిలబడిన ఫ్లూయిడ్ అరిగిన ప్యాడ్‌తో మరిగిపోవడానికి కారణం అదే. ఈ రెండూ చేశాక కూడా వేడి సమస్య మిగిలితే అప్పుడు డక్టుల పని. ఈ వరుస తిప్పి చేస్తే డబ్బు వదులుతుంది, బ్రేకులు మాత్రం మళ్లీ అలాగే పోతాయి.

ఇక డక్టు ఏం చేస్తుంది, ఏం చేయదు అన్నది లెక్క వేసి చూద్దాం. డ్రైవరుతో కలిపి కారు బరువు 1,200 కిలోలు అనుకోండి. 160 నుంచి 80 కిలోమీటర్లకు ఒకసారి బ్రేక్ వేస్తే సుమారు 890 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. అందులో ముప్పాతిక వంతు ముందు బ్రేకుల మీద పడుతుంది, అంటే ఒక్కో ముందు డిస్కుకి 330 పైచిలుకు. డిస్కులో ప్యాడ్ రాసుకునే ఇనుము నాలుగు కిలోలు ఉందనుకుంటే ఆ ఒక్క బ్రేకుకే దాని వేడి 160 డిగ్రీల దాకా ఎగబాకుతుంది. ఈ ఎగబాకడాన్ని ఏ డక్టూ తగ్గించలేదు, ఎందుకంటే అది రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. డక్టు పని మొదలయ్యేది మీరు బ్రేక్ వదిలి యాక్సిలరేటర్ తొక్కాక. తర్వాతి మలుపు వచ్చేలోపు డిస్కు 100 డిగ్రీలే చల్లబడితే ప్రతి మలుపుకీ 60 డిగ్రీలు బాకీ పడుతుంది, ల్యాపు ల్యాపుకీ ఆ బాకీ పేరుకుపోతుంది. డిస్కు వేడెక్కేకొద్దీ గాలికి ఎక్కువ వేడి వదులుతుంది కాబట్టి ఎక్కడో ఒకచోట రాకా పోకా సమానమై నిలబడుతుంది. డక్టు చేసేదల్లా ఆ నిలబడే చోటును కిందికి దించడం. కాబట్టి వేగంగా సాగే చోట్లు ఎక్కువున్న ట్రాక్‌ల మీద లాభం బాగా కనిపిస్తుంది. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో కిలోమీటరుకు పైగా ఉన్న స్ట్రెయిట్ మీద గొట్టం నిండా గాలి వస్తుంది. పార్కింగ్ స్థలంలో కోన్లు పెట్టి నడిపే ఆటోక్రాస్‌కి మాత్రం దండగ, ఆ వేగాలకు గొట్టంలో గాలే ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి. ఎక్కువమంది బంపర్ దగ్గర మూతి ఎంత పెద్దదిగా పెట్టాలా అని ఆలోచిస్తారు. గెలుపోటములు తేలేది అవతలి కొస దగ్గర, గొట్టం డిస్కును చేరే చివరి పది సెంటీమీటర్లలో.

చక్రం తీసి, టార్చి పట్టుకుని ముందు డిస్కును అంచు వైపు నుంచి చూడండి. రెండు ఇనుప పలకలు, వాటి మధ్య నిలువు గోడల్లాంటి రెక్కలు కనిపిస్తాయి. డిస్కు తిరిగేటప్పుడు ఇది ఒక పంపు. మధ్యలో హబ్ (చక్రం, డిస్కు బిగించి ఉండే ఇరుసు భాగం) చుట్టూ ఉన్న సందు నుంచి గాలిని లాక్కుని, రెక్కల మధ్య నుంచి తోసి, బయటి అంచు నుంచి వెదజల్లుతుంది. వేడి ఎక్కువగా పోయేది ఈ లోపలి దారిలోనే. మీ గొట్టం ఆ పంపుకి నోటి దగ్గర గాలి అందించాలి. గొట్టాన్ని తెచ్చి డిస్కు లోపలి ముఖం మీదికి గురిపెట్టి వదిలేస్తే ఏమవుతుందంటే, ఇంజిన్ వైపు పలక చల్లబడుతుంది, చక్రం వైపు పలక ఎర్రగానే ఉంటుంది. ఒకే డిస్కులో రెండు పలకలు రెండు రకాలుగా సాగితే డిస్కు గొడుగులా వంగుతుంది, సన్న బీటలు త్వరగా వస్తాయి, లోపలి ప్యాడూ బయటి ప్యాడూ వేర్వేరుగా అరుగుతాయి. ఇలాంటి డక్టు కంటే డక్టు లేకపోవడమే నయం.

ఆ నోరు ఏ వైపు తెరిచి ఉందో ముందే చూసుకోండి. చాలా కార్లలో డిస్కు మధ్య టోపీ (హబ్ మీద కూర్చునే ఉబ్బెత్తు భాగం) బయటి పలకకు అతికి ఉంటుంది, రెక్కల నోరు ఇంజిన్ వైపు తెరిచి ఉంటుంది. మనకు కావలసింది ఇదే. కొన్ని డిస్కుల్లో టోపీ లోపలి పలకకు అతికి, నోరు చక్రం వైపు ఉంటుంది. వాటికి లోపలి నుంచి ఎంత గాలి కొట్టినా రెక్కల్లోకి వెళ్లదు. వేరే కంపెనీ డిస్కులు వేసుకుని ఉంటే ఇది తప్పక చూడండి. రెక్కలు వంపు తిరిగిన డిస్కులైతే ఎడమ, కుడి వేర్వేరు: డిస్కు పైభాగంలో రెక్క హబ్ నుంచి అంచుకు వెళ్తూ కారు వెనక వైపుకి వాలాలి. తిప్పి బిగిస్తే పంపు బలం తగ్గిపోతుంది. పనిలో పనిగా ఒక మాట, రంధ్రాలు వేసిన డిస్కులు ట్రాక్‌కి కొనవద్దు. ఆ రంధ్రాల అంచుల నుంచే బీటలు మొదలవుతాయి. గాడులు ఉన్నవైతే ఫరవాలేదు, మామూలువైతే ఇంకా మంచిది.

సామాన్ల లెక్క చెప్తాను. గొట్టం 63 మిల్లీమీటర్లది, సిలికాన్ పూసిన గ్లాస్ ఫైబర్ గుడ్డతో రెండు పొరలుగా చేసి లోపల స్టీలు తీగ చుట్టింది, సాధారణంగా ఎర్రగానో నారింజ రంగులోనో ఉంటుంది. ఇది 250 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. 76 మిల్లీమీటర్ల గొట్టంలో దారి సుమారు 45 శాతం ఎక్కువ, నిజమే, కానీ పోలో చక్రం గుంటలో టైరుకీ సస్పెన్షన్ ఆర్మ్‌కీ మధ్య దాన్ని నలగకుండా తిప్పడం కుదరదు. నలిగిన పెద్ద గొట్టం కంటే నున్నగా పోయే చిన్న గొట్టం మేలు. ఒక్కో వైపుకి మీటరు నుంచి మీటరుంబావు పడుతుంది; మూడు మీటర్లు కొంటే రెండు వైపులా వేసి కాస్త మిగులుతుంది. నల్ల నియోప్రీన్ గొట్టం బంపర్ వైపు సగానికి వాడొచ్చు, డిస్కు దగ్గరికి పనికిరాదు, అంత వేడి తట్టుకోదు. వంటింటి చిమ్నీకి వాడే అల్యూమినియం కాగితం గొట్టం అసలే వద్దు. చేత్తో నొక్కితే చప్పిడైపోయే వస్తువు టైరు కంకర కొడుతుంటే ఎన్ని ల్యాపులు ఉంటుంది? ఇంకా కావలసినవి: స్టెయిన్‌లెస్ స్టీలు హోస్ క్లిప్పులు నాలుగు, దగ్గర రెండు అదనంగా; రబ్బరు లైనింగ్ ఉన్న పీ-క్లిప్పులు ఆరు; స్టీలు జిప్ టైలు ఒక గుప్పెడు; 63 మి.మీ. బయటి వ్యాసమున్న పలచని స్టీలు పైపు ముక్క పావు మీటరు, 1.2 మి.మీ. ఇనుప రేకు లేదా 2 మి.మీ. అల్యూమినియం రేకు, బంపర్ మూతికి ప్లాస్టిక్ ముక్కో, ఫైబర్ గ్లాసో, వెడల్పాటి కన్నాల మెష్.

మూడు పనుల్లో మొదటిది, కష్టమైనది డిస్కు వైపు పళ్లెం, అంటే గొట్టం నుంచి వచ్చే గాలిని డిస్కు మధ్యకు పంపే రేకు. డిస్కు వెనక దుమ్ము అడ్డే రేకు ఒకటి ఉంటుంది. దాన్ని ఊరికే కత్తిరించి పారేస్తే గాలి ఆడుతుంది కదా అని కొందరు చేస్తుంటారు. ఆ రేకు ఉన్నది దుమ్ముకే కాదు. డిస్కు సెగ నేరుగా బాల్ జాయింట్, టై రాడ్ రబ్బరు తొడుగులకు తగలకుండా అడ్డుపడేదీ అదే. తొడుగు వేడికి పెళుసెక్కి చిట్లితే గ్రీజు పోతుంది, ఆ తర్వాత జాయింటే పోతుంది. కాబట్టి రేకును తీసి, దాని స్థానంలో మన పళ్లెం పెట్టాలి.

క్యాలిపర్ విప్పి వైరుతో స్ప్రింగ్‌కి వేలాడదీయండి, హోస్ మీద బరువు పడనివ్వద్దు. డిస్కు తీయండి. దుమ్ము రేకు చిన్న ఎమ్6 బోల్టులతో నకిల్‌కి (హబ్‌ను పట్టుకుని ఉండే ఇనుప దిమ్మకు) ఉంటుంది. బోల్టులు విప్పినా హబ్ అంచు అడ్డుపడి రేకు బయటికి రాకపోతే హబ్, బేరింగ్ విప్పే జోలికి పోవద్దు; రేకును ఒక చోట నిలువుగా కోసి, కాస్త వంచి తీసేయండి. మీ కొత్త పళ్లేనికి కూడా అలాంటి చీలిక ఒకటి ఉంచుకుంటే ఎప్పుడైనా విప్పి బిగించొచ్చు. ఇప్పుడు అట్టముక్క తీసుకుని హబ్ చుట్టూ నమూనా కోయండి. క్యాలిపర్ బ్రాకెట్, ఏబీఎస్ సెన్సర్, దాని వైరు ఎక్కడున్నాయో అట్ట మీద గుర్తుపెట్టి అక్కడ ఖాళీ వదలండి. ఆ అట్టను రేకు మీద గీసి కోయిస్తే పని సగం అయిపోయినట్టే.

పళ్లెం ఆకారం గురించి ఇంకొంచెం చెప్పాలి. హబ్ చుట్టూ ఉంగరంలా మూసుకుని, గాలి బయటికి చిందిపోకుండా డిస్కు మధ్య నోటికే దారి చూపించాలి. ఆ ఉంగరం అంచు టోపీ లోపలి గీతకు దగ్గరగా ఉండాలి, కానీ తగలకూడదు. 6 నుంచి 8 మిల్లీమీటర్ల సందు వదలండి. అంతకంటే తగ్గిస్తే చిన్న రాయి ఇరుక్కుని కీచుమంటూ గీరుతుంది, వేడికి రేకు కాస్త వంగినా డిస్కును తాకుతుంది. పళ్లేనికి అతికించే స్టీలు పైపు ముక్కను పూర్తి గుండ్రంగా ఉంచకుండా వైస్‌లో పెట్టి కోడిగుడ్డు ఆకారానికి నొక్కించండి, అప్పుడు డ్రైవ్ షాఫ్ట్‌కీ స్ట్రట్‌కీ మధ్య సందులో పడుతుంది. పైపు ముక్క కారు ముందువైపుకి, కొద్దిగా కిందికి చూడాలి. అంటే గొట్టం వచ్చే దిక్కుకే. ఇక్కడ 90 డిగ్రీల మలుపు ఒకటి పడితే అంతదాకా తెచ్చిన గాలిలో చాలా భాగం అక్కడే పోతుంది. వెల్డింగ్ చేసేవారికి ముందే చెప్పండి: లోపలి వైపు వెల్డు గడ్డలు గ్రైండర్‌తో నున్నగా తీయాలి. సైలెన్సర్లు చేసే షాపులో ఈ పని శుభ్రంగా చేస్తారు. త్రీడీ ప్రింటింగ్ ముక్కలు డిస్కు దగ్గర వద్దు, ప్లాస్టిక్ మెత్తబడి డిస్కు మీదికి వాలుతుంది. బంపర్ మూతికైతే వాడుకోవచ్చు.

బిగించేటప్పుడు ఎమ్6 బోల్టులకు 10 న్యూటన్ మీటర్లు చాలు, మీద ఒక చుక్క మధ్యరకం థ్రెడ్ లాక్ (బోల్టు వదులవకుండా పట్టే జిగురు) వేయండి. క్యాలిపర్ బోల్టులకు మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకెనే వాడండి. డిస్కు పెట్టి చేత్తో పది చుట్లు తిప్పండి, చెవి పెట్టి వినండి. ఎక్కడైనా సర్రుమంటే విప్పి సరిచేయాల్సిందే, అరిగి సర్దుకుంటుందిలే అనుకోవద్దు.

రెండోది గొట్టం దారి. బంపర్ వెనక నుంచి చక్రం గుంట లైనర్‌లోకి కిందివైపు ఒక కన్నం వేయాలి. 70 మి.మీ. హోల్ సా వాడండి, కోసిన అంచుకు చీల్చిన రబ్బరు గొట్టం తొడగండి, లేకపోతే ఆ ప్లాస్టిక్ అంచే కత్తిలా గొట్టాన్ని కోస్తుంది. లైనర్ వెనక ఏముందో చూడకుండా కన్నం వేయవద్దు. వైపర్ నీళ్ల డబ్బా, హారన్, వైర్ల కట్ట అక్కడే ఎక్కడో ఉంటాయి. లైనర్ స్క్రూలకు టార్క్స్ టి25 బిట్ చాలు. లైనర్ దాటాక గొట్టం టైరు ముందు నుంచి లోపలికి తిరిగి, లోయర్ ఆర్మ్ మీదుగా పళ్లేనికి చేరాలి. ఆర్మ్ మీద ఒక పీ-క్లిప్పు, సబ్‌ఫ్రేమ్ దగ్గర ఒకటి. రెంటికీ మధ్య వదులు ఉండాలి, ఎందుకంటే గొట్టం ఒక కొస కారు బాడీతో, ఇంకో కొస చక్రంతో కదులుతుంది. డ్రైవ్ షాఫ్ట్‌కీ సీవీ బూట్‌కీ (షాఫ్ట్ కీలు మీది రబ్బరు తొడుగుకీ) కనీసం 25 మిల్లీమీటర్ల దూరం, బ్రేక్ హోస్‌కీ ఏబీఎస్ వైరుకీ ఎక్కడా రాపిడి లేకుండా చూడండి. ఈ గొట్టాన్ని బ్రేక్ హోస్‌కి కట్టడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు.

గొట్టం పోయేది ఎక్కువగా ఇక్కడే, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపలి భుజం దాన్ని నమిలేస్తుంది. దీన్ని కళ్లతో చూసి ఊహించవద్దు. కారును జాక్ స్టాండ్ల మీద పెట్టి, చక్రం బిగించి, టైరు లోపలి భుజం చుట్టూ తడిపిన సుద్ద దట్టంగా రాయండి. లోయర్ ఆర్మ్ కింద జాకీ పెట్టి, కారు నేల మీద నిలబడ్డప్పుడు సస్పెన్షన్ ఎంత ఎత్తులో ఉంటుందో అక్కడి దాకా లేపండి. స్టీరింగ్ ఒక కొస నుంచి ఇంకో కొసకు తిప్పండి. జాకీ పూర్తిగా దించి, చక్రం వేలాడుతుండగా మళ్లీ తిప్పండి. గొట్టం మీద తెల్ల మరక కనిపించిన చోటు ట్రాక్ మీద చిరిగే చోటు. ట్రాక్ అంచు గట్టు (కర్బ్) మీద ఎక్కినప్పుడు చక్రం ఇంకో 50, 60 మిల్లీమీటర్లు పైకి వస్తుంది కాబట్టి మరక లేకపోయినా ఆ మేరకు పైన ఖాళీ ఉందో లేదో చేత్తో కొలవండి. వెడల్పు టైర్లో, స్పేసర్లో వేసుకుని ఉంటే వాటితోనే ఈ పరీక్ష చేయాలి. ట్రాక్ మీద స్టీరింగ్ అంత తిప్పం కదా అంటారేమో. పిట్‌లో, పార్కింగ్‌లో తిప్పుతాం. హైదరాబాద్ నుంచి అదే కారు 600 కిలోమీటర్లకు పైగా నడుపుకుంటూ వెళ్లేవారికి దారిలో ప్రతి యూ-టర్న్ దగ్గరా తిప్పాల్సిందే.

మూడోది బంపర్ మూతి. గాలి గుద్దుకునే ముందు ముఖంలో ఉండాలి. మూల తిరిగిపోయే చోటుకు వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, అందుకే ఫాగ్ ల్యాంపు ఖాళీలో కూడా లోపలి అంచు వైపుకి, అంటే నంబర్ ప్లేటు వైపుకి జరిపి పెట్టండి. 63 మి.మీ. గొట్టం దారి 31 చదరపు సెంటీమీటర్లు. మూతి దానికి కాస్త ఎక్కువే ఉండాలి, 12 సెం.మీ. వెడల్పు, 4 సెం.మీ. ఎత్తు ఉన్న చీలిక సరిగ్గా సరిపోతుంది. అంచులు పదునుగా కాకుండా సన్నాయి మూతిలా బయటికి తెరుచుకోవాలి. మూతికీ బంపర్‌కీ మధ్య సందులు సిలికాన్‌తో మూసేయండి, లేకపోతే వచ్చిన గాలి గొట్టంలోకి పోకుండా బంపర్ వెనక ఖాళీలోకి జారుకుంటుంది. రేడియేటర్ ముందున్న గ్రిల్‌లో వాటా తీసుకోవాలన్న ఆశ వద్దు. మే నెల చెన్నై ఎండలో ఇంజిన్‌కి ఆ గాలి మొత్తం కావాలి. మెష్ వేస్తే కన్నాలు సెంటీమీటరు ఉండాలి, దోమతెరలాంటి సన్న జాలీ గాలిని ఆపేస్తుంది. బంపర్ విప్పాల్సి వచ్చినప్పుడు గొట్టం తేలిగ్గా ఊడేలా అక్కడ క్లిప్పు స్క్రూ కిందివైపుకి తిప్పి బిగించండి.

వెల్డింగ్, కన్నాలు ఇవేవీ వద్దనుకుంటే చవకైన దారి ఒకటుంది. లోయర్ ఆర్మ్‌కి బిగించే గాలి మళ్లింపు పలక. పోర్షె 911 జీటీ3లో కంపెనీయే ఇలాంటి ప్లాస్టిక్ పలకలు ఆర్మ్‌కి పెడుతుంది, వాటిని వేరే పోర్షెలకు కొని వేసుకునేవారు చాలామంది. కారు కింద పోయే గాలిని చక్రం మధ్యకు తిప్పుతుంది. పోలోకి రేకుతోనే చేయించుకోవచ్చు. గొట్టమంత ఫలితం రాదు, కానీ చిరిగేది ఊడేది ఏమీ ఉండదు. నెలకోసారి కూడా ట్రాక్‌కి వెళ్లనివారికి నా సలహా మొదట ఇదే. వెనక డ్రమ్ముల జోలికి ఈ పనిలో వెళ్లనక్కరలేదు, వాటి మీద పడే పని తక్కువ.

ఇంతా చేసి ఫలితం ఉందో లేదో ఎలా తెలుస్తుంది? పిట్‌లోకి వచ్చాక ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో చూస్తే కాదు. చివరి ల్యాపు మెల్లగా వచ్చేసరికి డిస్కు అప్పటికే వందల డిగ్రీలు దిగిపోయి ఉంటుంది, పైగా మెరిసే ఇనుము మీద ఆ గన్ తక్కువ చూపిస్తుంది. డిస్కు బయటి అంచు మీద వేసే వేడి రంగులు కొనండి. ఆకుపచ్చ రంగు 430 డిగ్రీలకు తెల్లబడుతుంది, నారింజ 560కి పసుపుపచ్చ అవుతుంది, ఎరుపు 610కి తెల్లబడుతుంది. డిస్కు అంచును బ్రేక్ క్లీనర్‌తో తుడిచి మూడు రంగులూ పక్కపక్కన చిన్న చుక్కలుగా పెట్టండి. క్యాలిపర్ మీద వేడి స్టిక్కర్ ఒకటి అంటించండి. దానిలో గడి నల్లబడితే మళ్లీ తెల్లబడదు, అంటే సెషన్ మొత్తంలో ఎక్కువ వేడి ఎంతో అది గుర్తుంచుకుంటుంది. ఈ కొలత డక్టులు వేయకముందు ఒక సెషన్, వేశాక ఒక సెషన్ తీసుకోవాలి, అదే ప్యాడ్లతో, వీలైతే ఒకే రోజు. మూతులకు టేపు అంటించి ఒక సెషన్, టేపు తీసి ఒక సెషన్ తిప్పితే సరిపోయె.

మూడు చుక్కల్లో మూడూ మారిపోతే డక్టులు చాలడం లేదు, ఇక పెద్ద డిస్కుల మాట ఆలోచించాలి. ఆకుపచ్చ ఒక్కటే మారితే బాగున్నట్టు. ఆకుపచ్చ కూడా మారకుండా, ఎంచుకున్నది గట్టి రేస్ ప్యాడ్ అయితే అది సరిగా వేడెక్కడమే లేదు. చల్లని రేస్ ప్యాడ్ పట్టు ఇవ్వదు, డిస్కును గీరేస్తుంది. అప్పుడు మూతి సగానికి టేపు వేసి మళ్లీ చూడండి. రెండు వైపులా ఒకే కొలతకు వేయాలి. ఎడమ, కుడి డిస్కుల మధ్య వేడి తేడా వస్తే బ్రేక్ వేసినప్పుడు స్టీరింగ్ ఒక పక్కకు లాగుతుంది. బాగా నడుస్తున్న కారు ఉన్నట్టుండి అలా లాగడం మొదలుపెడితే ఒక గొట్టం ఊడిందేమో చూడటం మొదటి పని.

రోడ్డు మీద వెళ్లేటప్పుడు మూతులు మూసే మూతలు రెండు చేయించుకోండి. రెండు స్క్రూలతో బిగించే ప్లాస్టిక్ బిళ్లలు చాలు. హైవే మీద ప్లాస్టిక్ కవర్లు, ఎండుగడ్డి, వానాకాలం బురద నీళ్లు అన్నీ నేరుగా డిస్కు మధ్యకే చేరతాయి. ఎర్రగా కాలిన డిస్కు మీద నీళ్లు పడితే బీటలు రావడానికి అదొక్కటే చాలు, కాబట్టి ట్రాక్ మీద వాన మొదలైనా మూతలు వేసేయండి.

మొదటిసారి వెళ్లినప్పుడు మూడు ల్యాపులు మోస్తరుగా తిప్పి లోపలికి రండి. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఒక చుట్టు 3.717 కిలోమీటర్లు, వేడి ఎక్కడానికి మూడు చాలు. ఆగాక హ్యాండ్ బ్రేక్ లాగవద్దు, పెడల్ మీద కాలు ఉంచి కూర్చోవద్దు. వేడి ప్యాడ్ ఒకేచోట నొక్కుకుని ఉంటే దాని మసాలా డిస్కుకి అచ్చు పడుతుంది. డిస్కు వంగిందని జనం అనుకునే వణుకుల్లో చాలావాటికి కారణం ఆ అచ్చే. గేర్‌లో పెట్టి, టైర్ల కింద అడ్డు పెట్టి, చక్రాల మధ్య నుంచి టార్చి వేసి చూడండి: క్లిప్పులు జారాయా, గొట్టం మీద కొత్త రాపిడి గీత ఉందా, పళ్లెం దగ్గర సిలికాన్ రంగు మారిందా. చల్లారాక చక్రం బోల్టులు 120 న్యూటన్ మీటర్లకు మళ్లీ బిగించి చూసుకోండి. మిగిలిన ఆ అర మీటరు గొట్టం, రెండు క్లిప్పులు, స్టీలు టైలు డిక్కీలోనే ఉంచండి. మధ్యాహ్నం సెషన్‌కి ముందు ఏదో ఒక వైపు వాటి అవసరం పడుతుంది.